బాపు గుండె ఫైలు

నేను చేసిన తప్పులకు ఒక జాబితా ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. తేదీ, స్థలం, కారణం, నష్టం అని నాలుగు నిలువు వరుసలతో. బైకులో డీజిలు పోయించిన సంగతి అందులో ఉంది. పరీక్ష హాల్లో పక్కవాడి నంబరు నా పేపరు మీద రాసి వచ్చిన సంగతీ ఉంది. కానీ ఇప్పుడు చెప్పబోయేదాని ముందు అవన్నీ బడిపిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. దీనివల్ల కోరుట్లలో మా ఇంట్లో పదకొండు రోజులు ఉప్పు బందయింది. జగిత్యాలలో ఒక గుండె డాక్టరు కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. సౌదీలో ఏ రోగమూ లేని ఒక మనిషి ఛాతీకి తీగలు పెట్టించుకున్నాడు. ఇంత చేసింది నేనొక్కణ్ణే, అదీ చాలావరకు కుర్చీలోంచి లేవకుండా.

నేను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివాను. సిరిసిల్లలో మరమగ్గాలకు ఉండే ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేయడం నా ఉద్యోగం. పోగు తెగినా మగ్గం ఎందుకు ఆగలేదు, తెగకుండానే ఎందుకు ఆగింది అనే రెండు ప్రశ్నలతో నా రోజు గడిచిపోతుంది. అక్కడే గది తీసుకుని ఉంటూ, ఆదివారం ఆదివారం కోరుట్ల పోయి అమ్మను చూసి వస్తాను. బాపు సౌదీలో గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. నేను మూడో తరగతిలో ఉండగా పోయాడు. మధ్యలో ఐదుసార్లు సెలవు మీద వచ్చాడు. ఆ సెలవు రోజులన్నీ కూడితే (కూడాను, నా సంగతి మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది) పదమూడు నెలలు తేలాయి. ఆఖరుసారి వచ్చి మూడేళ్ళు దాటింది.

పదిహేను రోజులకొకసారి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుకోవడం అనేది కొంచెం పెద్ద మాట.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. కొలువు మంచిగున్నదా?"

"నడుస్తున్నది."

"సరే మరి, ఉంట."

ఇరవై రెండు సెకన్లు. ఒకసారి పదిహేడుకు దిగింది. ఫోన్ పెట్టేశాక, అడగాలనుకుని అడగని ప్రశ్నలు గుంపుగా వచ్చి, బస్సు తప్పిపోయిన ప్రయాణికుల్లా నా మొహం చూస్తూ నిలబడేవి. నువ్వు యాదికొస్తున్నవ్ అనే మాట మా ఇంట్లో మగవాళ్ళ నోళ్ళలో పట్టదు. అందుకని, చదువుకున్న మూర్ఖుడెవడైనా చేసే పనే నేనూ చేశాను. మాటతో కానిదాన్ని యంత్రంతో సాధిద్దామనుకున్నాను. గుండె వేగం లెక్కపెట్టే స్మార్ట్ వాచీ ఒకటి కొన్నాను. ఇబ్రహీంపట్నం ఆయన ఒకరు సెలవు ముగించుకుని బాపు ఉండే ఊరికే తిరిగిపోతుంటే, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు డబ్బా పక్కన, రెండు లుంగీల నడుమ దాన్ని పెట్టి పంపాను.

చేరిందని తెలిసిన రోజు వీడియో కాల్ చేసి, బాపు ఫోన్లో దాని యాప్ పెట్టించాను. నా ఖాతాతోనే తెరిపించాను కనుక, అక్కడ రాసుకున్న లెక్క ఇక్కడ నాకూ కనిపిస్తుంది.

"బాపూ, గడియారం కింద పచ్చ లైటు వెలుగుతున్నదా?"

"ఎలుగుతున్నది."

"ఎటు దిక్కు?"

"చెయ్యి దిక్కు."

"కరెక్టే. గదే నీ నెత్తురు పోయేది చూసి గుండె లెక్క పెడ్తది."

"తోలు మీదికెళ్ళి లోపట కనవడ్తదా?"

"కనవడ్తది."

బాపు చెయ్యి కొంచెం వెనక్కి తీసుకున్నాడు. "ఇంకేమేం కనవడ్తయిరా?"

"గుండె ఒక్కటే, బాపూ."

"గట్లయితే సరే," అన్నాడు, తేలికపడి.

మరునాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఫోన్ తెరిస్తే, ఎర్రటి గీత ఒకటి తెర మీద ఎగుడుదిగుడుగా పోతూ కనిపించింది. అది బాపు గుండె. నా టీ చల్లారిపోయింది. మూడేళ్ళుగా నేను ఎదురుగా చూడని మనిషి నిన్నటి నుంచి ఎలా ఉన్నాడో నిమిషం నిమిషం లెక్కన నా అరచేతిలో ఉంది. మగ్గాల షెడ్డుకు పోయి, ఎవరూ అడగకుండానే, "మా బాపుది పండుకున్నప్పుడు అరవై నాలుగు," అని చెప్పాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "ఏంది, కిలోలా?" అని అడిగాడు.

ఐదో రోజు ఏమీ రాలేదు. గీత ఉండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"బాపూ, గడియారం పెట్టుకోలేదా?"

"తానానికని తీసిన. మర్సిపోయిన."

"మర్వకు బాపూ. ఏం కనవడకుంటే నాకు ఎట్లనో అయింది."

మా చరిత్రలో అంత పొడుగు మాట అదే మొదటిది. "ఇంక మర్వ," అన్నాడు బాపు. ఆ మరునాటి నుంచి ఒక్క పూట కూడా గీత తప్పలేదు.

ఇక రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. నాకు మూడు గంటల టీ వేళ, ఆయనకు మధ్యాహ్నం తిండి వేళ. చెప్పడానికి ఇప్పుడు విషయం ఉంది కదా.

"నిన్న జర నీళ్ళు తక్కువ తాగినట్టున్నవ్, బాపూ. గుండె ఎక్కువ కొట్టుకున్నది."

"అవునా? చెప్త మరి."

"ఎవలికి చెప్తవ్?"

"నాకే రా. నాకు నేను చెప్పుకుంట, తాగుమని."

ఆ మాటలో ఏదో తేడా ఉందని మీకు తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. నేను అప్పటికే వేరే ఆనందంలో ఉన్నాను. మా ఇరవై రెండు సెకన్లు పదకొండు నిమిషాలయ్యాయి. గుండె సంగతి రెండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా తొమ్మిది నిమిషాలు దాని వెనకే తోసుకుని వచ్చేవి. గదిలో వంట ఎవరి వంతో, ఇసుక గాలి లేస్తే ముక్కుకు ఏం కట్టుకుంటారో చెప్పేవాడు. ఒకనాడు ఉన్నట్టుండి, "నేను గిన్ని ఇండ్లు ప్లాస్టర్ చేసిన గదా. పని అయినంక ఒక్క ఇంట్ల గూడ మళ్ళ అడుగు పెట్టలే," అన్నాడు. నేను, "నిన్న మంచిగ నిద్రపోయినవ్," అన్నాను.

ఇంతటితో ఆగి ఉంటే నేను బుద్ధిమంతుణ్ణే. కానీ యాప్‌లో రోజుకొక్క గీత చూస్తే నా కడుపు నిండలేదు. నాకు అసలు అంకెలు కావాలి, మొత్తం వరుసలు కావాలి. డేటా ఎక్స్‌పోర్ట్ చేసే మీట కోసం వెతికాను. దాన్ని యాప్ తయారుచేసినవాళ్ళు ఖాతాలో, గోప్యతలో, అన్నిటికంటే కిందన, పెళ్ళిలో కొత్త చెప్పులు దాచుకున్నట్టు దాచారు. నొక్కితే, రెండు రోజుల తర్వాత మెయిల్లో ఒక జిప్ ఫైలు వచ్చింది. విప్పితే రోజుకొక ఫైలు చొప్పున నలభై మూడు రోజులు. అన్నిటినీ కలిపి ఒకే పట్టికలో పోశాను.

అందులో గంటలు ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉన్నాయి. సౌదీ టైముకు మార్చాలంటే మూడు గంటలు కలపాలి. నేను ఐదున్నర కలిపాను. తెలియక కాదు, తెలిసే. నేను టీ తాగేటప్పుడు బాపు గుండె ఎంత కొట్టుకుంటోంది, నేను బోర్డు విప్పేటప్పుడు ఎంత అని పక్కపక్కన పెట్టి చూసుకోవాలనిపించింది. విమానం, వీసా ఏమీ లేకుండా, ఒక్క కూడికతో బాపును మన టైములోకి తెచ్చేశాను.

మొదటి నాలుగు రోజుల అంకెలు మిగతావాటితో పొసగలేదు. పరికరం ఇంకా చేతికి కుదురుకోలేదని నిర్ణయించి ఆ నాలుగు రోజులనూ పట్టికలోంచి కొట్టేశాను. చదువుకున్నవాడికి వచ్చే ధైర్యం అది. మిగిలిన రోజులు గీసి చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి: ఏడంతస్తులు ఎక్కి ప్లాస్టరింగ్ చేసే మనిషి గుండె పగలంతా డెబ్బై, డెబ్బై రెండు దగ్గరే ఉంది. శ్రమ పడినా గుండె వేగం పెరగకపోవడం జబ్బని నెట్‌లో ఉంది. రెండు: రోజుకు సరిగ్గా ఐదుసార్లు ఆ గీత చిన్న గుట్టలా లేచి పడుతోంది. మన టైములో పొద్దున ఏడుంబావుకు, మధ్యాహ్నం రెండున్నరకు, ఐదూ ముప్పావుకు, ఎనిమిదిన్నరకు, పదికి. ఈ వేళలకు తలాతోకా లేదు. మూడు: శుక్రవారం మధ్యాహ్నం గుట్ట మిగతా రోజులకంటే పొడుగు. దీనికి నెట్‌లో కూడా పేరు లేదు. పేరు లేని రోగమంటే ఎంత పెద్దదై ఉండాలి?

ఆదివారం కోరుట్లలో అమ్మకు చెప్పాను. అమ్మ పట్టికను పట్టించుకోలేదు. "గీ గుట్టలు మంచియి కావా?" అని మాత్రం అడిగింది.

"మంచియి కావమ్మా."

"ఉప్పు బంద్ చెయ్యాలె," అంది. చేసింది కూడా. బాపుకు కాదు, ఆయన అమ్మ చేతికి అందని దూరంలో ఉన్నాడు. ఇంట్లో. సౌదీలో ఉన్న మనిషి గుండె కోసం కోరుట్లలో మేం ఉప్పు లేని పప్పు తిన్నాం. అందులో తర్కం ఏమిటని అడిగితే, "నీ గడియారంల ఉన్న తర్కమే," అంది.

సోమవారం మూడు గంటలకు బాపుకు చెప్పాను.

"గుండె మంచిగ లేదా?" బాపు ఒకదాని మీద ఒకటి అడిగాడు. "ఎంతగనం లేదు? నడువ వచ్చునా? మెట్లెక్క వచ్చునా?"

"అర్జంటుగ డాక్టరుకు చూపెట్టాలె, బాపూ."

"ఇయ్యాల్నే పట్టుకపోత."

"ఎవలిని పట్టుకపోతవ్?"

"నన్నే రా. నన్ను నేను పట్టుకపోత."

రెండు రోజులకు, ఈసీజీ తీశారట, అంతా బాగుందట అని చెప్పాడు. ఈ మాట విని ఒక కొడుకు ఏం చేయాలి? సంతోషించాలి. నేను మాత్రం, "గా డాక్టరు సరిగ సూడలే," అన్నాను.

అప్పుడు నేను ఒప్పుకోనిది ఇప్పుడు ఒప్పుకుంటాను. భయపడ్డ మాట నిజమే. కానీ భయం అడుగున ఇంకొకటి ఉంది. గుండె బాగలేదని కాగితం పుడితే కంపెనీ మనిషిని ఇంటికి పంపేస్తుంది. ఆ వారమంతా నేను పోగు తెగిన మగ్గాల ముందు నిలబడి, బాపు వచ్చాక చేయాల్సినవి రాసుకున్నాను. ఆదివారం ఇంటికి పోతే, దండెం మీద బాపు చొక్కాలు ఉతికి ఆరేసి ఉన్నాయి.

"ఏందమ్మా గివి?"

"ఊకెనే. దుమ్ము వట్టినయి," అంది అమ్మ. తర్వాత, నా వైపు చూడకుండా, "పానం బాగలేకుంటెనే వస్తడా మనిషి?" అంది.

ఉప్పులేని పప్పు ఇంకో గరిటె వేసుకున్నాను.

ఆ గురువారం అరవై రెండు పేజీలు అచ్చు వేయించుకుని జగిత్యాల పోయాను. గుండె డాక్టరు కాగితాల కట్ట చూసి, నా వెనకున్న తలుపు వైపు చూశాడు.

"పేషెంట్ ఏడి?"

"సౌదీల ఉన్నడు సార్."

"మరి ఇక్కడికి ఎవలచ్చిన్రు?"

"ఫైలు, సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయినా మంచివాడు, పేజీలు తిప్పాడు. "ఏం పని చేస్తడు మీ బాపు?"

"ప్లాస్టరింగ్ సార్. ఏడో అంతస్తుల."

"గీ గుండె ఏడో అంతస్తు ఎక్కలే. గీ గుండె కుర్సీల కూసున్నది."

"మా బాపు ఒక్కనాడు గూడ కూసునే మనిషి కాదు సార్," అన్నాను, రోషంగా.

ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పక్క రూంల ఖాజా ఉంటడు. ఇరవై ఏండ్ల సంది ఈసీజీలు తీస్తున్నడు. గీ గుట్టల సంగతి ఆయననే అడుగు," అని నన్ను, నా అరవై రెండు పేజీలనూ వదిలించుకున్నాడు.

ఖాజా భాయ్ నాలుగు పేజీలు పక్కపక్కన పరిచి, వేలితో గుట్టలు ఒక్కొక్కటే తాకాడు.

"గిది ఏడి టైము?"

"మన టైము, భాయ్."

"మనిషి ఏడున్నడు?"

"సౌదీల."

"మనిషి ఆడుంటే టైము ఈడిది ఎందుకు పెట్టినవ్?"

ఆయన పెన్సిల్ తీసుకుని ప్రతి గుట్ట పక్కనా రెండున్నర గంటలు తీసేసి రాశాడు. తెల్లవారి ఐదు కావస్తుండగా. మధ్యాహ్నం పన్నెండు. మూడుంబావు. ఆరు. ఏడున్నర. రాస్తూ రాస్తూ ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"శుక్రవారం పగటిపూటది పొడుగున్నది, చూసినవా?"

"చూసిన భాయ్. గదే నా భయం."

"తమ్మీ, మీ బాపు నమాజ్ చదువుతడా?"

"మా బాపు లేవంగనే సూర్యునికి దండం పెడ్తడు, భాయ్."

"గట్లయితే గీ గుండె మీ బాపుది కాదు." ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "నిలవడుడు, వంగుడు, కూసునుడు, మళ్ళ లేసుడు. గంతే గీ గుట్ట. నాది తీసినా గిట్లనే ఉంటది. శుక్రవారం జుమ్మా నమాజ్, గందుకే పొడుగు." మళ్ళీ ఒకసారి పేజీలు చూసి, మెచ్చుకుంటున్నట్టు తలూపాడు. "ఎవలో గని మంచి మనిషి. ఒక్క పూట తప్పలే."

ఆస్పత్రి వరండాలోకి వచ్చేసరికి మూడయింది.

"బాపూ, గడియారం ఎవలి చేతికున్నది?"

అవతల గిన్నె మీద గరిటె పెట్టిన చప్పుడు. తర్వాత, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు, "యాకూబ్ చేతికి," అన్నాడు.

"యాకూబ్ ఎవలు?"

"ముస్తాబాద్ ఆయన. మా రూమే. గేటు కాడ కుర్సీల డ్యూటీ. నేను మొదటి నాలుగు దినాలు పెట్టుకున్న. సిమెంటుకు ఖరాబైతదని ఐదో దినం తీసి పెట్టిన. నువ్వు ఫోన్ చేసి, ఏం కనవడకుంటే ఎట్లనో అయింది అంటివి. ఇంక ఎవలిదో ఒకల గుండె కొట్టుకోవాలె గదా అని ఆయనకు పెట్టిన."

"గా ఈసీజీ?"

"ఆయనకే తీపిచ్చిన. నువ్వు గుండె మంచిగ లేదంటే నాకు పానం ఆగలే. నెత్తిన మోసుకపోయినట్టే పట్టుకపోయిన. పాపం, ఆయన నాకేం కాలే, నాకేం కాలే అనుకుంటనే వచ్చిండు."

"ఒక్కమాట నాకు చెప్పొద్దా బాపూ?"

"చెప్పేటోన్నే. నువ్వు దినాం ఫోన్ చేస్తున్నవ్ గదరా. గడియారం నా చేతికి లేదంటే మళ్ళ పదిహేను దినాలకు ఒక్కసారి చేస్తవేమో అని చెప్పలే."

వరండాలో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. నేను గోడ వైపు తిరిగాను. ఆ గోడ ప్లాస్టరింగ్ చాలా నున్నగా ఉంది.

ఈలోపు ఫోన్ చేతులు మారింది. "బేటా, నేను యాకూబ్ చాచాను. నువ్వు చెప్పినట్టే నీళ్ళు మంచిగ తాగుతున్న. జల్ది పండుకుంటున్న. నా సొంత బిడ్డ గూడ నా గురించి గింతగనం అడగలే. ఏమనుకోకు."

"ఏమనుకోను చాచా," అన్నాను. ఏమనుకోవాలో నాకు తెలిస్తే కదా.

మళ్ళీ బాపు. "మరి రేపు ఫోన్ చేస్తవా?"

"చేస్త బాపూ."

"గడియారం నా కాడ లేదు గదా?"

"లేకున్నా చేస్త."

అమ్మకు బస్సులోంచే చెప్పాను, బాపు గుండె బాగానే ఉందని, ఉప్పు వేసుకోవచ్చని. "మంచిదే," అంది. కాసేపటికి, "ఇగ ఇప్పట్ల రాడన్నట్టు," అంది. చొక్కాలు మడతపెట్టి లోపల పెడతానంది.

గదికి చేరగానే, నేను చెత్త అని కొట్టేసిన ఆ నాలుగు రోజులను వెనక్కి తెచ్చాను. ఈసారి సౌదీ టైములోనే పెట్టాను. పొద్దున ఆరుకల్లా నూరు దాటుతుంది. తొమ్మిదికి నూటముప్పై. తిండి వేళ ఒక్క అరగంట కిందికి దిగి, మళ్ళీ ఎక్కి, సాయంత్రం దాకా అక్కడే. అది రోగం కాదు, పని. నలభై మూడు రోజుల ఫైలులో బాపు ఉన్నది ఆ నాలుగు రోజులే. నేను ఏరి ఏరి తీసేసింది వాటినే.

కనుక అందరికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఏ మనిషి గుండె వేగాన్నైనా, ఆ చేయీ ఆ ముఖమూ ఒకే వీడియోలో కనబడనిదే, నేను ఎక్స్‌పోర్ట్ చేయను. గంటలు కలిపి ఎవరినీ దేశం దాటించను. లెక్కకు కుదరలేదని ఎవరి నాలుగు రోజులనూ కొట్టేయను. ఒక మనిషి ఇంటికి రావాలని ఆ మనిషికి రోగం వెతకను. ఈ ప్రతిజ్ఞ నేను పూర్తి స్పృహతో, ఉప్పు వేసిన పప్పు తిని చేస్తున్నాను. సాక్షి ముస్తాబాద్ యాకూబ్ చాచా. సాక్ష్యం చెప్పే వేళకు ఆయన గుండె నిమిషానికి డెబ్బై ఒకటి, నిలకడగా ఉంది.